రెండు గోతులు, ఒక రాగి పట్టీ

మా అక్కకి ఉరుములన్నా పిడుగులన్నా చిన్నప్పటి నుంచీ భయం లేదు. ఆవిడ భయమల్లా వాన వెలిశాక మోగే ఫోను గురించే. ఆ ఫోను చేసేది చాలాసార్లు నేనే కాబట్టి ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

నేను ప్రసవాల ఆసుపత్రిలో నర్సుని. అక్క అదే ఆసుపత్రిలో నెట్‌వర్కు పని చూసేది. నెట్‌వర్కు పని అనగానే చల్లటి గదిలో కుర్చీ వేసుకుని కంప్యూటరు ముందు కూర్చోవడం అనుకుంటారు జనం. మా అక్క కుర్చీలో కూర్చోగా నేను చూసింది బహు తక్కువ. ఎప్పుడు చూసినా నిచ్చెన మీదో, బల్ల కిందో ఉండేది. ఏదైనా చెప్పాలంటే ఆవిడ పాదాలకి చెప్పుకోవాల్సి వచ్చేది. నడుముకి ఓ గుడ్డ సంచీ, అందులో కేబులు కోసే కత్తెర, కొసకి ప్లగ్గు బిగించే పటకారు, రంగురంగుల టేపు చుట్టలు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం. ఆ పొట్లం మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకునేది కాదు.

ఆసుపత్రికి రెండు భవనాలు. పాత భవనంలో డాక్టర్ల గదులు, మా నర్సుల బల్ల. కొత్త భవనం కింది అంతస్తులో పుట్టిన పిల్లల గది. మధ్యలో బళ్ళు నిలిపే ఖాళీ స్థలం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే ఒక్కో తొట్టె పక్కనా గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెట్టే యంత్రం ఉంటుంది. ఆ యంత్రాల కేబుళ్ళన్నీ గోడ మీది ఓ ఇనప పెట్టెకి చేరతాయి. దాన్ని వాళ్ళు స్విచ్చు అంటారు గానీ నొక్కడానికి అందులో ఏమీ ఉండదు, వరసగా నలుచదరపు బొరియలుంటాయి అంతే. ఆ బొరియలే పోర్టులు. ఆ పెట్టె నుంచి ఒక కేబులు మేడ మీదకెక్కి, ఖాళీ స్థలం మీదుగా గొట్టంలో సాగి, పాత భవనంలోకి దిగి, మా బల్ల మీది తెరకి చేరుతుంది. గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరం ఉంటాం. అయినా బల్ల దగ్గర ఉన్నవాళ్ళకి కూడా ఏ బిడ్డ ఎలా ఉందో కనబడుతూనే ఉండాలని మా పెద్ద డాక్టరమ్మ పట్టుబట్టి పెట్టించింది.

మేకు కొట్టడం దగ్గర్నుంచి తెర వెలగడం దాకా ఈ పనంతా అక్క ఒక్కతే చేసింది. అంతకు ముందు ఆవిడ చేతికొచ్చినవన్నీ ఎవరో మొదలుపెట్టి వదిలేసిన పనులు, ఎవరో చెడగొట్టిన పనులు. అప్పటిదాకా ఆవిడకున్న పేరు 'ఎలక్ట్రీషియను భార్య'. ఆసుపత్రి పని తర్వాత 'పోర్టక్క' అయింది. మా నర్సులే పెట్టారు. పైకి విసుక్కునేది గానీ ఆ పేరుతో పిలిస్తే రెండో పిలుపు అవసరం ఉండేది కాదు. ఆ పని పోతే ఆ పేరూ పోతుందని ఆవిడకి తెలుసు. అందుకే ఆ ఫోనంటే అంత భయం.

ఇక ఎలక్ట్రీషియను సంగతి. ఆయన మా బావ. అదే ఆసుపత్రికి కరెంటు పని ఆయనదే. మాట తక్కువ మనిషి. నవ్వినా మీసం కదిలితేనే తెలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి ఓ బట్టల కొట్టుకి పని చేశారు. అక్క కేబుళ్ళు వెళ్ళే గొట్టంలోనే బావ కరెంటు తీగ కూడా దూర్చేశాడు. అక్క చూసి, కొట్టు యజమాని ఎదుటే ఆ తీగ పట్టుకుని బయటికి లాగింది.

"నా కేబులు పక్కన మీ కరెంటు పెడితే నా కేబులు ఏమైపోవాలండీ?"

"ఇంకో గొట్టానికి గోడ తొలవాలి. ఇప్పటికే జల్లెడయింది గోడ."

"జల్లెడయితే కానీండి! నా పని పాడు చేస్తారా?"

మాటా మాటా పెరిగింది. బేరానికొచ్చినవాళ్ళు బట్టలు వదిలేసి వీళ్ళ చుట్టూ చేరారు. యజమాని ఇద్దరికీ కలిపి ఒకే దణ్ణం పెట్టి పంపించేశాడు. ఇద్దరూ వీధికి ఆ చివరొకరు ఈ చివరొకరు నడుచుకుంటూ ఇంటికొచ్చారు. కొన్నాళ్ళు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట వినబడలేదు. చివరికి అక్కే ఓ ఒప్పందం తెచ్చింది. "మీ తీగల జోలికి నేను రాను. నా కేబుళ్ళ జోలికి మీరు రావద్దు. పని దగ్గర కంటబడింది పని దగ్గరే వదిలేద్దాం. ఒకరి పని గురించి ఒకరం అడగొద్దు, చెప్పొద్దు" అంది. బావ "సరే" అన్నాడు. ఆయన దగ్గర అతి చవగ్గా దొరికేది ఆ ఒక్క మాటే.

ఈ ఒప్పందంతో కాపురం నిలబడిందని మా అమ్మ కనబడినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేది. నిజానికి నిలబడింది కూడా. ఒకే గోడకి ఆయన ఇటు మేకు కొడుతుంటే ఈవిడ అటు కొట్టేది. "మీ ఆయనెక్కడ అక్కా?" అంటే "నాకేం తెలుసు? కరెంటు వాళ్ళనడగండి" అనేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

కొత్త భవనం పని అయిన తర్వాత వచ్చిన మొదటి వానాకాలంలోనే దెబ్బ తగిలింది. పిడుగు మా ఆసుపత్రి మీద పడలేదు, ఎక్కడో అవతల పడింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మా బల్ల మీది తెరలో పిల్లల గది అంకెలు మాయమైపోయాయి. నేను ఖాళీ స్థలం దాటుకుని తడుస్తూ పరిగెత్తాను. తొట్టెల పక్కన యంత్రాలు బాగానే ఉన్నాయి, పిల్లలు బాగానే ఉన్నారు. గోడ మీది పెట్టెలో మాత్రం దీపాలన్నీ ఆరిపోయి, కాలిన ప్లాస్టిక్కు వాసన వేస్తోంది. ఫోను చేశాను. అక్క గొడుగు కూడా లేకుండా వచ్చి పెట్టె మార్చింది.

"మన మీద పడలేదు కదా, ఎలా పోయిందక్కా?" అని అడిగాను.

"మన మీద పడక్కర్లేదే. దగ్గర్లో పడితే చాలు. మేడ మీద అంత పొడుగున సాగిన కేబులు ఆ కరెంటు విసురుని పట్టుకుంటుంది. అది తిన్నగా పోర్టులోకి దిగుతుంది. పోర్టు తట్టుకోగలిగింది చిటికెడు, వచ్చేది గంపెడు."

ఇళ్ళల్లో అయితే ఉరమగానే ప్లగ్గూ కేబులూ రెండూ పీకేసి హాయిగా కూర్చోవచ్చు. చాలామంది ప్లగ్గు పీకి కేబులు మర్చిపోతారు, అది వేరే కథ. పిల్లల గదిలో ఏది పీకుతాం? అందుకని అక్క సర్జ్ డబ్బాలు తెచ్చింది. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దవి. కేబులు ఒక వైపు దూరి ఇంకో వైపు బయటికొచ్చి పోర్టులోకి వెళ్తుంది. డబ్బా పక్కనుంచి ఆకుపచ్చ తీగ ఒకటి దిగుతుంది. పైనుంచి విసురు వస్తే దాన్ని పోర్టులోకి పోనివ్వకుండా ఈ తీగ గుండా నేలలోకి తోసేయడం డబ్బా పని. ఆ తీగ సరిగ్గా నేలకి చేరకపోతే డబ్బా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నేలకి చేరడమంటే ఎర్త్ గొయ్యికి చేరడం. రాగి కడ్డీ దింపి, ఉప్పూ బొగ్గూ వేసి, మట్టి కప్పి తడుపుతుంటారు. కొత్త భవనానికి బావ తవ్వించిన గొయ్యి అప్పటికే ముందు వైపు, మీటర్ల గది పక్కన ఉంది. ఆ భవనంలో ప్రతి ప్లగ్గు ఎర్తూ ఓ రాగి పట్టీ మీదుగా అందులోకే పోతుంది. అక్క మాత్రం భవనం వెనక గోడ దగ్గర తనకి వేరే గొయ్యి తవ్వించుకుంది. పాత భవనానికీ అలాగే చేసింది, అక్కడి కథా ఇదే కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. వేరే గొయ్యి ఎందుకంటే, "లిఫ్టూ మోటార్లూ అన్నీ ఆయన గోతిలోకే కక్కుతాయి. నా పోర్టులకి శుభ్రమైన ఎర్తు కావాలి" అంది. అందులో కొంత నిజముంది. కానీ ఆ గోతికి తీగ కలపాలంటే బావని అడగాలి, అడిగితే ఒప్పందం పోతుంది. ఈ ముక్క ఆవిడ నోట రాలేదు గానీ నాకు తెలుసు. గొయ్యి మీద మూత వేయించి దానికి ఆకుపచ్చ రంగు కూడా పూసింది. పని అయ్యాక నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి మరీ చూపించింది. గొయ్యిని చూసి అంత పొంగిపోయే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మరుసటి ఏడు మళ్ళీ పిడుగు, మళ్ళీ కాలిన వాసన, మళ్ళీ నా ఫోను. డబ్బాలు నకిలీవని అక్క కొట్టుకెళ్ళి దుమ్మెత్తిపోసింది. కొట్టతను ఓ డబ్బా విప్పి, లోపల అన్నీ సరిగ్గా ఉన్నాయని చూపించి, "నేల సరిగ్గా చూసుకున్నారా అమ్మా?" అన్నాడు. "నా నేలకేం, బంగారంలా ఉంది" అని ఇంకా మంచి రకం డబ్బాలు కొనుక్కొచ్చింది. పెద్ద డాక్టరమ్మ అక్కని పిలిచి, "అమ్మాయ్, నువ్వు కష్టపడతావు, కాదనను. కానీ ఇది పిల్లల గది. ఇంకోసారి ఇలా అయితే నేను వేరేవాళ్ళని చూసుకోవాల్సి వస్తుంది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అక్క తట్టుకునేది.

ఆ ఇంకోసారి కూడా వచ్చింది. ఈసారి పెట్టెతో పాటు ఒక తొట్టె పక్క యంత్రం పోర్టు కూడా పోయింది. బిడ్డకి ఏమీ కాలేదు, వెంటనే వేరే యంత్రం పెట్టాం. కానీ ఆ బిడ్డ తల్లి మొహం చూశాక డాక్టరమ్మకి ఇంక చెప్పేదీ వినేదీ లేకపోయింది. ఒకటో తారీఖు నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చి నెట్‌వర్కంతా చూసుకుంటారని అక్కకి చెప్పేసింది. అక్క "సరే మేడమ్" అని బయటికొచ్చి, మా బల్ల దగ్గర నిలబడి, గ్లాసెడు మంచినీళ్ళు గటగటా తాగింది. ఏడవలేదు. నాకే చిర్రెత్తుకొచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను, ఆకాశం మీదేమో.

నాకు డ్యూటీ అయిపోయినా అక్క కదల్లేదు. కాలిన పెట్టెని బల్ల మీద పెట్టుకుని మరలు విప్పింది. లోపల పచ్చటి పలక మీద నల్లటి చార ఒకటుంది. అక్క దాని మీద వేలు పెట్టి మెల్లగా జరుపుతూ వెళ్ళింది.

"ఇలా చూడవే. మసి పోర్టు దగ్గర మొదలై అక్కడే ఆగిపోవాలి. ఇదేంటి, పెట్టెలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది? కరెంటు ప్లగ్గు దాకా వెళ్ళిపోయింది!"

"అయితే?"

ఆవిడ సంచీలోంచి మీటరు తీసింది. ఒక కొస డబ్బా నుంచి దిగే తన ఆకుపచ్చ తీగకి ఆనించింది, ఇంకో కొస గోడ ప్లగ్గులో ఎర్తు బొరియలో పెట్టింది. రెండూ నేలేగా, అంకె సున్నా దగ్గర ఉండాలట. లేదు. అక్క కొసలు తీసి మళ్ళీ ఆనించింది, అదే అంకె.

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. పిడుగు విసురు డబ్బా దాకా వస్తుంది, డబ్బా దాన్ని ఆవిడ గోతిలోకి తోస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక్కసారిగా అంత మీద పడితే ఆ గొయ్యి కూడా పొంగుతుంది. బావ గొయ్యి ముందు వైపు పొంగకుండా చల్లగా కూర్చుని ఉంటుంది. ఒక తొట్టి నిండిపోయి పక్క తొట్టి ఖాళీగా ఉంటే నీళ్ళు ఊరుకుంటాయా, దారి వెతుక్కుంటాయి. ఆ రెండు గోతుల మధ్యా ఉన్న దారల్లా పోర్టులున్న ఈ పెట్టె ఒక్కటే. ఒక చెయ్యి ఆవిడ తీగకీ, ఇంకో చెయ్యి ఆయన తీగకీ ఇచ్చి మధ్యలో నిలబడింది అది.

"ఆ రెంటినీ కలిపేస్తే సరిపోతుందా?" అన్నాను.

"అలాగే అనిపిస్తోందే. కానీ ఆయన ఎర్తు ఎక్కడ ఎలా దింపారో, ఎంత పట్టీ వేశారో నాకేం తెలుసు?"

"బావనడుగు."

అక్క నా వంక ఎలా చూసిందంటే, నేనేదో బూతు మాట అన్నట్టు చూసింది. పెట్టె మరలు బిగిస్తూ, "సాయంత్రం భోజనానికి మా ఇంటికి రా" అంది. ఒక్కతీ అడగడానికి ధైర్యం చాలక పిలిచిందని నా అనుమానం.

ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. అక్క వడ్డించింది, కూర్చుంది, లేచింది, ఉప్పు తెచ్చింది, మళ్ళీ కూర్చుంది. బావ సగం తిన్నాక నేల చూపులు చూస్తూ అంది.

"ఏవండీ, కొత్త భవనంలో మీ ఎర్తు పట్టీ ఎటు నుంచి ఎటు వెళ్తుంది?"

బావ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఆ ఒప్పందం తర్వాత పని గురించి ఆవిడ ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"వెనకాల నీ గొయ్యి, ముందు నా గొయ్యి. రెంటినీ కలపాలి," అన్నాడు.

అక్క తలెత్తింది. "నేనింకా అది అడగలేదే. మీకెలా తెలుసు?"

బావ నీళ్ళు నమిలాడు. "నువ్వు తవ్విస్తున్న రోజున నేను మేడ మీద నీళ్ళ మోటారు బాగు చేస్తున్నాను. పైనుంచి కనబడింది."

"చూశారా?"

"చూశాను."

"అప్పుడే తెలుసా మీకు, ఇలా అవుతుందని?"

"అవుతుందని కాదు. అవ్వచ్చని. కలపకుండా వదిలేస్తే మంచిది కాదని తెలుసు."

"తెలిసి ఊరుకున్నారా!" అక్క గొంతు లేచింది. "నేను కొట్టువాడిని నానా మాటలూ అన్నాను. డాక్టరమ్మ ముందు తల దించుకుని నిలబడ్డాను. మీరు రోజూ నా ఎదురుగా కూర్చుని భోజనం చేస్తూ..."

"నువ్వే కదా చెప్పొద్దన్నావు," అన్నాడు బావ. దెప్పుతున్నట్టు కాదు, గుర్తు చేస్తున్నట్టు అన్నాడు. మళ్ళీ తనే, "రెండోసారి పోయినప్పుడు చెబుదామని వంటింటి గుమ్మం దాకా వచ్చాను. నువ్వు ఏడుస్తున్నావు. అప్పుడు చెబితే నీ తప్పు ఎత్తి చూపినట్టుంటుందని వెనక్కెళ్ళిపోయాను" అన్నాడు.

అక్క పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. నాకు బావ మీద ఒళ్ళు మండిపోయింది. అంతలోనే ఆయన మొహం చూస్తే జాలీ వేసింది. ఒప్పందం పెట్టింది మా అక్క. ఈయన దాన్ని అక్షరం పొల్లు పోకుండా నిలబెట్టాడు. ఈ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ ఇలాంటి తప్పు చెయ్యడం చేతకాదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కలిసి డాక్టరమ్మ గదికెళ్ళారు. నేను ఫైలు పట్టుకుని వెనకాలే దూరాను. నాకక్కడ ఏ పనీ లేదు, వినాలని వెళ్ళాను. బావ నోరు తెరిచి "ఎర్తింగులో నాదే పొరపాటు మేడమ్" అనబోయాడు. అక్క అడ్డం వచ్చింది.

"కాదు మేడమ్. ఆయన గొయ్యి సరిగ్గానే ఉంది. వేరే గొయ్యి తవ్వించి, దానితో కలపకుండా వదిలేసింది నేను. ఆయనకి తెలుసు. చెప్పనివ్వకుండా చేసింది కూడా నేనే. రెండు భవనాల్లోనూ ఆ రెంటినీ కలిపే పట్టీ వెయ్యాలి."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కదూ?"

"ఉంటాం మేడమ్."

"మాట్లాడుకోరా?"

ఇద్దరూ గోడ వంక చూశారు.

"అమ్మాయ్, నువ్వు ఇది చెప్పినా చెప్పకపోయినా కంపెనీవాళ్ళు వస్తున్నారు. అందులో మార్పు లేదు," అంది డాక్టరమ్మ.

"మార్చమని అడగడం లేదు మేడమ్. వాళ్ళు ఒకటో తారీఖుకి గానీ రారు. వాన ముందే వస్తే? ఇవాళ తవ్వుకోనివ్వండి."

ఆ మాటకి డాక్టరమ్మ తల ఊపింది. తోటమాలి దగ్గర పలుగూ పారా అడిగి తెచ్చుకుని ఇద్దరూ పక్క గోడ వెంబడి మొదలుపెట్టారు. బట్టల కొట్టు తర్వాత వాళ్ళు కలిసి చేసిన పని అదే. ఆ దృశ్యం చూడ్డానికి మా నర్సులందరికీ ఆ వైపు కిటికీల దగ్గరే పని పడింది.

"అక్కడ కాదండీ, ఇటు తవ్వండి."

"అటు నీళ్ళ గొట్టం ఉంది."

"ఉందని మీకెలా తెలుసు?"

"వేసినప్పుడు నేనున్నాను."

"మరి చెప్పరేం!"

"ఇప్పుడు చెప్పానుగా!"

"పట్టీ అలా మెలి తిప్పకండి, విసురు మలుపులు తిరగదు. తిన్నగా పోవాలి."

"తిన్నగా పోవాలంటే ఆ గుమ్మం పడగొట్టాలి. పడగొట్టనా?"

"గుండ్రంగా వంచండి, మడత పెట్టకుండా. అదీ రాదా? ఇన్నేళ్ళూ ఇలాగే మడతలు పెట్టారా మీరు?"

"నీ డబ్బాల నుంచి దిగిన తీగ చూడు, గజాల కొద్దీ చుట్ట చుట్టి గోడకి తగిలించావు. పొట్టిగా ఉండాలి ఆ తీగ. కత్తిరించు ముందు."

"అదీ చూశారా!"

"చూశాను!"

బావ అంత గట్టిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. మేడ మీద కిటికీలోంచి డాక్టరమ్మ తల బయటపెట్టి, "ఏమయ్యా, పిల్లలు లేస్తున్నారు" అని కేకేసింది. కాసేపు గుసగుసగా పోట్లాడుకున్నారు, మళ్ళీ మామూలే. పొద్దు వాలేసరికి ముందు గొయ్యి నుంచి వెనక గొయ్యి దాకా రాగి పట్టీ పడుకుంది. అక్క మీటరు పెట్టింది. అంకె సున్నా దగ్గర అతుక్కుపోయింది. బావ వంగి దాన్ని చూసి, తనూ ఒకసారి పెట్టి చూసుకున్నాడు. నమ్మక కాదు, ఆశ తీరక. పాత భవనానికి ఆ మరుసటి రోజు పట్టీ వేశారు.

వాన ఒకటో తారీఖు దాకా ఆగలేదు. ఓ మధ్యాహ్నం, పిల్లలకి పాలు పట్టే వేళ, పగలే దీపాలు వెయ్యాల్సినంతగా మబ్బు పట్టింది. పిడుగు ఎంత దగ్గర్లో పడిందంటే పిల్లల గదికి పంపబోతున్న పాలసీసా నా చేతిలోంచి జారిపోయింది. కరెంటు పోయింది, జనరేటరు అందుకుంది. నేను బల్ల దగ్గరే ఉన్నాను. తెర నల్లగా అయిపోయి, మళ్ళీ వెలిగింది. ఒక అంకె వచ్చింది. పక్కన ఇంకొకటి. ఒక్కొక్కటిగా తొట్టెలన్నీ వచ్చేశాయి. వెంటనే ఫోను తీశాను.

మొదటి గంటకే అక్క ఎత్తింది. "చెప్పు. ఎన్ని పోయాయి?"

"ఒక్కటీ పోలేదక్కా."

అవతల అక్క ఫోను పక్కకి పట్టుకుని "పోలేదటండీ" అన్న మాట వినబడింది. "ఏదీ, ఇంకోసారి అడుగు" అన్న బావ గొంతు వినబడింది. ఇంకోసారి చెప్పాను. ఆనందం పట్టలేక నేను బల్ల దగ్గరే ఏడ్చేశాను. వాళ్ళేం చేశారో ఫోనులో కనబడలేదు.

డాక్టరమ్మ కూడా వచ్చి తెర చూసింది. ఆ సాయంత్రం అక్క వచ్చినప్పుడు, "బాగా చేశావు. కానీ సంతకాలు అయిపోయాయి, అమ్మాయ్" అంది. ఆవిడకీ కష్టంగానే ఉంది. అక్క "తెలుసు మేడమ్" అంది.

ఒకటో తారీఖున కంపెనీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడే. అక్క అతనికి ప్రతి కేబులూ ఎటు వెళ్తుందో దగ్గరుండి చూపించింది. రెండు భవనాల మధ్య గాజు తీగ వేస్తామని, అందులో వెలుగే తప్ప కరెంటు నడవదని, ఇక మేడ మీద సాగే రాగి కేబులే ఉండదని చెప్పాడు. "మంచి పని" అంది అక్క. మనస్ఫూర్తిగానే అంది. నేల కింది రాగి పట్టీని మాత్రం కదిలించబోమని, అది ఉండాల్సిందేనని అతనన్నాడు. సర్జ్ డబ్బాలు విప్పి అక్క చేతికిచ్చాడు. అక్క వాటిని నడుముకున్న గుడ్డ సంచీలో వేసుకుని, నర్సులందరికీ చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను వాళ్ళింటికి వెళ్ళాను. అక్క వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. నేను పక్కన చతికిలబడి, "పోతే పోయిందిలే అక్కా, ఆసుపత్రులు ఇంకా లేవా?" అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు.

"పని పోయినందుకు బాధేనే, లేదనను. కానీ అది కాదు. ఆయన ఈ గుమ్మం దాకా వచ్చి వెనక్కెళ్ళిపోయారట. మా ఇంట్లో మాట చెప్పడానికి మా ఆయన భయపడ్డారు. అంత పని చేశానన్న మాట నేను."

 అంతలో వెనకాల అలికిడైంది. బావ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. అక్క మొహం తుడుచుకుంది. ఆయన గుమ్మం కమ్మీ పట్టుకుని ఓసారి వెనక్కి చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"బజారు వెనక బడి ఉంది కదా... అక్కడా నువ్వు వేరే గొయ్యి తవ్వించావు. అదీ కలపలేదు. నేను చూశాను."

అక్క ఇంకో పీట వాల్చింది.

"అక్కడ నిలబడి చెబుతారేం?" అంది. "లోపలికొచ్చి చెప్పండి."